పొయ్యి నడుస్తున్నంతసేపూ

“వాణ్ణి చంపాలనే నీ ఉద్దేశమైతే మొహం మీదే చెప్పు. దానికింత హంగామా ఎందుకు?”

“కూర్చోండి వదినా. బస్సులో నలిగి వచ్చారు. ముందు టీ పెడతాను.”

“దాని మీదేనా?”

“దాని మీదే. ఇంట్లో వేరే పొయ్యి లేదు.”

భర్త గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకుని ఇంటికి వచ్చిన రెండు నెలలకు, ఆయన అక్క ఊళ్లోకి దిగి, చేతిసంచీ అయినా కింద పెట్టకుండా నేరుగా వంటింట్లోకి వచ్చింది. తమ్ముడు హాల్లో టీవీ ముందున్నాడు. మరదలు గట్టు మీది ఇండక్షన్ పొయ్యి ముందు నిలబడి ఉంది. ఆడపడుచు ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు, అందుకే అడగలేదు.

“టీ సంగతి తర్వాత. మాట మార్చకు. వాడు నాకు ఫోన్ చేశాడు. ఏమన్నాడో తెలుసా?”

“తెలుసు. హాల్లోంచే చేశారు కదా, వినబడింది.”

“విని ఊరుకున్నావా?”

“పాలు పొయ్యి మీదున్నాయి వదినా. కదిలితే పొంగుతాయి.”

“పాలట. ‘అక్కా, నా గుండెలో ఒక మిషను పెట్టారు, ఈవిడ తెచ్చి వంటింట్లో ఇంకో మిషను పెట్టింది, రెండింటికీ పడదట’ అన్నాడు. పడదని తెలిసి తెలిసీ ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా? పామునీ ముంగిసనీ ఒకే బుట్టలో పెట్టి మూతేసినట్టు.”

“మీ తమ్ముడికి ఏమీ కాకుండా నేను చూసుకుంటున్నాను. ఒక్కసారైనా పొయ్యి దగ్గరికి రానిచ్చానేమో ఆయన్నే అడగండి.”

“అదేనమ్మా వాడి ఏడుపు. నా ఇంట్లో నాకు వంటిల్లు లేకుండా చేసిందక్కా అన్నాడు. ఫోన్లోనే ఏడ్చాడు. వాడు ఏడవగా నేను చూసింది పాలపళ్లప్పుడే.”

“చక్కెర ఎంత వెయ్యమంటారు?”

“ఎంతో కొంత వెయ్యి. రేపు పొద్దున్నే గ్యాసు తెప్పిస్తాను. దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం.”

“తెప్పించండి. సిగరెట్టు మానమన్నారు డాక్టరు గారు, మీ తమ్ముడు మానలేదు. వంటింట్లో నిలబడే వెలిగించుకునేవారు, గ్యాసు మంట మీదికి వంగి. జుట్టు కాలితే నన్ను తిట్టారు.”

“వాడికి చిన్నప్పటి నుంచీ తొందర. అది సరే, మా అమ్మ గిన్నెలేవి? ఈ గూట్లో ఉండేవి కదా.”

“అటక మీద పెట్టాను. బస్తాలో కట్టి.”

“బస్తాలో కట్టావా? పాతసామాన్లవాడు వస్తే దించడానికి తేలికనా?”

“అయ్యో, అమ్మడానికి కాదు వదినా. ఈ పొయ్యి వాటిని ఒప్పుకోదు. రాగి, ఇత్తడి, సత్తు, వీటిని పెడితే అసలు గిన్నె పెట్టినట్టే గుర్తించదు. ఇదిగో, ఈ రాగిచెంబు పెట్టి చూపిస్తాను. విన్నారా?”

“కుయ్ కుయ్‌మంటోందేంటి?”

“ఖాళీగా ఉన్నాను, ఏదైనా పెట్టు అంటోంది. కాసేపు అలా కూసి కూసి ఆగిపోతుంది. ఇప్పుడు టీకి నీళ్లు పోసిన ఈ స్టీలుగిన్నె పెడతాను, చూడండి.”

“మంటేది?”

“మంట ఉండదు. పొయ్యి కాలదు, గిన్నె అడుగే కాలుతుంది. అక్కడ చెయ్యి పెట్టకండి వదినా.”

“మంట లేదన్నావుగా.”

“మంట లేదు కానీ గిన్నె వేడి కింద అద్దానికి ఎక్కుతుంది. గిన్నె దించేశాక కూడా కాసేపు చుర్రుమంటుంది. మొదట్లో నేనూ మోసపోయాను. చల్లగా నల్లగా కనబడుతోంది కదా అని మసిగుడ్డ మడిచి పెట్టాను. గరిటెలూ మూతలూ కూడా దీని మీద పెట్టకూడదు, అవీ కాలిపోతాయి. మంటైతే ఎక్కడుందో తెలుస్తుంది వదినా, తప్పుకుంటాం. కనబడని వేడికే మనిషి జాగ్రత్తపడడు.”

“స్టీలైతే చాలన్నమాట.”

“స్టీలువి కూడా అన్నీ పనికిరావు. ఫ్రిజ్ తలుపుకి ఆ సీతాకోకచిలక అంటించి ఉంది చూడండి, దాని వెనక అయస్కాంతం. అది తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి. పట్టుకుని నిలబడితే పనికొస్తుంది. జారిపోతే పనికిరాదు.”

“ఇది నిలబడింది. ఇదీ నిలబడింది. ఇదేంటి, ఇంత మెరుస్తోంది, జారి కిందపడింది?”

“మెరుపు చూసి తీసుకోకూడదని షాపులో అమ్మాయి చెప్పింది. పైకి బాగుంటే చాలనుకుని ఇంటికి తెచ్చుకుంటాం. దాని గుణం ఏంటో పొయ్యి మీద పెట్టాక గానీ తెలీదు.”

“నువ్వు గిన్నెల గురించేనా మాట్లాడేది?”

“గిన్నెల గురించే వదినా.”

“మా అమ్మ ఇనపమూకుడు ఉండాలే. ఇనుముకి అయస్కాంతం అంటుకోకపోవడమేంటి?”

“అంటుకుంటుంది. కానీ దాని అడుగు గుండ్రం. దీని మీద పెట్టేవి అడుగు బల్లపరుపుగా ఉండాలి. గుండ్రంగా ఉంటే మధ్యలో రూపాయి బిళ్లంత మేర మాడుతుంది, చుట్టూ పచ్చిగా ఉండిపోతుంది. పైగా ఊగుతుంది. ఊగి ఒరిగిందంటే అందులో ఉన్నదంతా మన మీదికే. సొట్ట పడ్డవీ అంతే. ఇదిగో, అటక ఎక్కించకుండా ఉంచిన అత్తయ్యగారి పెద్దగిన్నె. అయస్కాంతం గట్టిగా పట్టింది. కానీ అడుగు చూడండి, ఒక పక్క లోపలికి పోయింది. పెడితే ఆ పక్కకి ఒరుగుతుంది.”

“ఆ సొట్ట నాకు తెలుసు. మా అమ్మ చేతిలోంచి జారి పడింది. నేను బడినుంచి వచ్చేసరికి వంటిల్లంతా నీళ్లు.”

“అవునా.”

“అవునా ఏంటి, ఆ సాగదీయడమేంటి?”

“ఏం లేదు. అత్తయ్యగారు ఇంకోలా చెప్పారు.”

“ఏం చెప్పింది?”

“పోనీలెండి. పెద్దావిడ, పోయారు.”

“ఏం చెప్పిందో చెప్పు.”

“చేతిలోంచి జారితే అంచు నొక్కుకోవాలి కదా, అడుగు ఎలా నొక్కుకుందత్తయ్యా అని ఒకసారి తోముతూ నేనే అడిగాను. గోడకి తగిలిందే అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. గిన్నె తనంతట తాను గోడ దాకా వెళ్లదు కదా వదినా.”

“మా నాన్నకి కోపమెక్కువ. మనసులో ఏమీ ఉండేది కాదు.”

“ఆ మాటా చెప్పారు అత్తయ్యగారు. మనసులో ఏమీ ఉండదని.”

“టీ అయిందా?”

“అయింది. తీసుకోండి.”

“అప్పుడేనా? ఇప్పుడేగా పెట్టావు.”

“ఇది త్వరగా కాగుతుంది. అందుకే ఖాళీగిన్నె పెట్టి బటన్ నొక్కకూడదు, చూస్తుండగానే అడుగు రంగు మారిపోతుంది. ముందు నీళ్లో పాలో పొయ్యాలి, తర్వాత నొక్కాలి. పొయ్యి మీద పెట్టి పక్కకి వెళ్లకూడదు. గ్యాసు అలవాటున్న చెయ్యికి ఇది కుదరడానికి కొన్నాళ్లు పట్టింది.”

“అక్కా, నాకూ టీ.”

“నువ్వే వచ్చి తీసుకోరా. కాళ్లకేం కాలేదుగా.”

“పొయ్యి ఆపిందా?”

“ఏమ్మా, ఆపావా?”

“ఆపాను వదినా. కానీ లోపల ఫ్యాను తిరుగుతోంది కదా, వినండి. దాని వేడి దిగేదాకా తిరుగుతుంది.”

“ఇంకా చప్పుడొస్తోందిరా.”

“అయితే వద్దు. స్టూలు మీద పెట్టమను.”

“స్టూలేంటి?”

“గడప అవతల వేశాను, అదిగో. టిఫినూ టీ అన్నీ అక్కడ పెడతాను. మీ తమ్ముడు వచ్చి తీసుకుంటారు.”

“జైల్లో ఖైదీకి పెట్టినట్టుంది.”

“ఖైదీ ఏ వైపు ఉన్నారో చూసుకోవాలి వదినా.”

“నీకు నోరు బాగా వచ్చిందే.”

“ఇక్కడ ఒక్కదాన్నే ఉంటున్నాను కదా. నాలో నేను మాట్లాడుకోవడం అలవాటైంది.”

“చూడు, వచ్చాడు. గ్లాసు తీసుకుని ఎలా వెళ్తున్నాడో చూడు, తలొంచుకుని. ఎంత చిక్కిపోయాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది. మా అమ్మకి వంటతోనే సరిపోయేది, వాడు నా చంకలో పెరిగాడు. వాడికి నేను కలిపి పెడితేనే ముద్ద దిగేది.”

“తెలుసు. మీరు కలిపినంత బాగా ఎవరూ కలపలేరని ఇప్పటికీ అంటారు.”

“అంటాడా?”

“అంటారు. అన్నప్పుడల్లా నా కంచం పక్కకి తోస్తారు.”

“గాజులు వెనక్కి లాగు. ఆ మచ్చ ఇంకా పోలేదా?”

“అది పోదు వదినా.”

“పాలు పొంగి పడ్డాయి కదూ అప్పుడు.”

“మీరు అలా చెప్పారు అందరికీ.”

“నువ్వు కాదనలేదే.”

“ఇంటినిండా చుట్టాలు. మీరు నా భుజం మీద చెయ్యి వేసి చెప్తున్నారు. ఎలా కాదంటాను?”

“మరి పాలు కాకపోతే ఏం పడింది?”

“ఏమీ పడలేదు. వదిలెయ్యండి.”

“చెప్పమంటున్నాను.”

“గరిటె.”

“గరిటె పడిందా?”

“పడలేదు వదినా. పెట్టారు. నూనె సరిగ్గా కాగలేదన్నారు, కాగిందన్నాను. కాగిందో లేదో నువ్వే చూసుకో అని గరిటె ముంచి పెట్టారు.”

“టీలో చక్కెర తక్కువైంది.”

“వేస్తాను, ఇటివ్వండి.”

“వాడు అలాంటివాడు కాదు. ఏదో ఆ క్షణానికి.”

“అవును. క్షణమే. గరిటె పెట్టి తియ్యడానికి ఎంతసేపని.”

“సరే. ఈ డబ్బా కొనాలని ఎప్పుడనుకున్నావు? ఆస్పత్రిలోనేనా? అక్కడ మంచం పక్కన కూర్చుని ఇదేనా నువ్వు ఆలోచించింది?”

“లేదు వదినా. ఒట్టు. ఆస్పత్రిలో నేను నిజంగానే భయపడ్డాను. లోపలికి తీసుకెళ్లినప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు, వదల్లేదు. ఇక మారతారేమో అనుకున్నాను. పంపించేరోజు డాక్టరు గారు ఇద్దర్నీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. కొన్నాళ్లు ఎడమచెయ్యి పైకెత్తొద్దు, బరువులు వద్దు, ఫోను ఆ వైపు జేబులో పెట్టుకోవద్దు, ఇలా చెప్పుకుంటూ పోతున్నారు. మీ తమ్ముడు వినడం లేదు. సిగరెట్టు ఎప్పటినుంచి తాగొచ్చని అడుగుతున్నారు. మీ ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉందామ్మా అని డాక్టరు గారు నా వైపు తిరిగారు. లేదండీ, గ్యాసే అన్నాను. అయితే గొడవే లేదు, ఉంటే మాత్రం అది నడుస్తున్నప్పుడు ఆయన దాని మీదికి వంగకూడదు, కాస్త దూరం పాటించాలి అన్నారు. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను. అప్పటికి అందులో నాకేం కనబడలేదు. అన్ని మాటల్లో అదొక మాట.”

“మరి?”

“ఇంటికొచ్చిన వారానికే లేచి వంటింట్లోకి వచ్చారు. మీరు చాలాసార్లు మా ఇంటికొచ్చారు, నేను వంట చేస్తుంటే మీ తమ్ముడు ఎక్కడుండేవారో మీకు గుర్తుందా?”

“నీ పక్కనే ఉండేవాడు. పెళ్లాం కొంగు వదలడని మేం నవ్వుకునేవాళ్లం.”

“పక్కన కాదు, వెనక. పొయ్యి వెలిగించిన చప్పుడు వింటే చాలు, వచ్చి నిలబడతారు. మూత తీస్తారు. గరిటె నాకి మళ్లీ అందులోనే పెడతారు. మంట పెంచుతారు. గ్యాసు తగలేస్తున్నావని మళ్లీ తగ్గిస్తారు. తగ్గించిన సంగతి మర్చిపోయి ఇంకా ఉడకలేదేమని అడుగుతారు. ఆయన ఊపిరి నా మెడకి తగుల్తూ ఉంటుంది. ఎప్పుడు ఏం చేస్తారో తెలీదు. చాలాసార్లు ఏమీ చెయ్యరు. అదే కష్టం. ఏమీ చెయ్యని రోజు కూడా వీపు బిగబట్టుకునే ఉండాలి.”

“ఆ రోజేమైంది?”

“కుట్లు మానలేదు. ఎడమచెయ్యి పట్టీలో ఉంది. కుడిచెయ్యి ఖాళీగా ఉంది. మూత తీశారు, ఆవిరి మొహానికి కొట్టింది. ఆ మూత నా వైపు విసిరారు. నాకు తగల్లేదు, తప్పుకోవడం చేతనైంది కదా ఇన్నేళ్లలో. గోడకి తగిలి కింద పడి చాలాసేపు తిరిగింది. అది తిరిగి తిరిగి ఆగేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. అప్పుడు గుర్తొచ్చింది వదినా, డాక్టరు గారి మాట. మధ్యాహ్నం ఆయన పడుకోగానే షాపుకి వెళ్లాను.”

“కడుపులో ఇంత పెట్టుకుని వెళ్లావన్నమాట.”

“షాపులో అమ్మాయి చాలా మంచిది. గిన్నెల సంగతంతా ఆ అమ్మాయే చెప్పింది. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉందా ఆంటీ అని కూడా అడిగింది. మా ఆయనకి ఉందన్నాను. ఆ పిల్ల మొహం మారిపోయింది. ఇంకోసారి ఆలోచించుకోండి ఆంటీ, మీకు గ్యాసే మంచిది అంది. ఆలోచించుకునే వచ్చానమ్మా అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి ఇంకా చెప్పింది. పొయ్యి మీద గుండ్రంగా గీత ఉంది చూడండి, ఆ గీత నిండేంత గిన్నె వాడమంది. చిన్నగిన్నె పెట్టినా, పక్కకి జరిపి పెట్టినా లోపలి అయస్కాంత శక్తి చుట్టుపక్కలకి ఎక్కువగా వస్తుందట. అందుకే నేను గీత దాటనివ్వను, గిన్నెని సరిగ్గా మధ్యలో పెడతాను. నేను దీన్ని ఆటగా తీసుకోలేదు. ఆయనకేమైనా అయితే మీరంతా నా మెడ పట్టుకుంటారని తెలీదా నాకు?”

“పట్టుకునేవాళ్లమే.”

“పొడుగువైరు తగిలించొద్దంది, కాలిపోతుందట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి దీనికి విడిగా పెద్దప్లగ్గు పెట్టించాను. వెనక ఫ్యానుకి గాలి ఆడాలని గోడకి జానెడు ఎడం వదిలాను. తడిచేత్తో ముట్టుకోను. అద్దం మీద గిన్నె గీసుకుంటూ లాగను, ఎత్తి పెడతాను. అద్దం పగిలితే ఆ పూట నుంచీ వాడకూడదు. ఇంత శ్రద్ధగా నేను ఏ వస్తువునీ చూసుకోలేదు వదినా.”

“మొగుణ్ణి తప్ప అన్నిటినీ బాగానే చూసుకుంటున్నావు. వాడు దీన్ని చూసి ఏమన్నాడు?”

“మొదటిరోజు పొద్దున మామూలుగానే విసవిసా వచ్చారు. ఆగండి, పొయ్యి నడుస్తోంది, ఇది మీ గుండెకి పడదు, నడుస్తున్నంతసేపూ గడప దాటొద్దన్నారు డాక్టరు గారు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కొడతారనుకున్నాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు. లోపలున్న కాలు వెనక్కి తీసుకున్నారు వదినా. పెళ్లైన దగ్గర్నుంచీ నా మాట విని ఆయన వెనకడుగు వెయ్యడం అదే మొదలు.”

“నవ్వుకున్నావా?”

“ఏడ్చాను. ఇంత తేలికా అని. నేను ఏడిస్తే ఆగలేదు. కాళ్లు పట్టుకుంటే ఆగలేదు. మీకు ఫోన్ చేస్తే ఆగలేదు. ఒక డబ్బాకి ఆగారు.”

“నాకెప్పుడు చేశావు ఫోను?”

“చేశాను వదినా. ఒకటి రెండుసార్లు కాదు.”

“చేసే ఉంటావు. నేను సర్ది చెప్పాను కదా మరి.”

“చెప్పారు. నాకు.”

“ఆడవాళ్లం కాస్త...”

“కాస్త ఏంటి వదినా?”

“ఏం లేదు. తర్వాత చెప్పు. వాడు మళ్లీ రాలేదా?”

“రాలేదు. ఆ ఫ్యాను చప్పుడు వినబడితే గడప దగ్గరే ఆగిపోతారు. నేను ఎప్పుడూ ఏదో ఒకటి కాస్తూనే ఉంటాను. వంటయ్యాక నీళ్లు పెడతాను. ఆయన భోంచేసి పడుకున్నాక ఆపి ఇక్కడ ఈ కుర్చీలో కూర్చుంటాను. మీకొక మాట చెప్పనా? కూరలో ఉప్పు నాకు తక్కువుంటేనే ఇష్టమట. ఈ వయసులో తెలిసింది. ఇన్నేళ్లూ ఆయన నాలిక్కి వేశాను, నాకెంత కావాలో నేనెప్పుడూ రుచి చూసుకోలేదు. పాలు కాగుతుంటే ముందు సన్నగా ఒక చప్పుడొస్తుంది, అది కూడా ఇప్పుడే విన్నాను. ఇదివరకు చెవులు ఎప్పుడూ వెనకవైపు ఉండేవి.”

“మా అమ్మ కూడా అంతే. ఎప్పుడూ తలుపుకేసి తిరిగి వండేది. ఒకసారి నేను అడిగితే గాలి కోసమని చెప్పింది.”

“గాలి కోసం కాదు.”

“తెలుసులే. నాకు తెలీదా? నేను అదే ఇంట్లో పుట్టాను. నాన్న చెప్పు విప్పిన చప్పుడు వినగానే వీణ్ణెత్తుకుని పెరట్లోకి పోయేదాన్ని, వాడు చూడకూడదని.”

“వినబడే ఉంటుంది.”

“వినబడే ఉంటుంది. పసివాడు, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. నా టీ చల్లారిపోయింది.”

“వేడి చేస్తాను.”

“వద్దు, ఇలాగే తాగుతాను. అమ్మాయ్, నిజం చెప్పు. గడప దాటొద్దని డాక్టరు అన్నాడా?”

“దూరంగా ఉండమన్నారు.”

“ఎంత దూరం?”

“దూరమంటే దూరమే వదినా. కొలిచి చెప్తారా?”

“డాక్టర్లు కొలిచే చెప్తారు. ఎంత?”

“ఈ గిన్నె తీసుకెళ్తారా మీ ఇంటికి? అత్తయ్యగారిది. మీకు గ్యాసుంది కదా, సొట్టున్నా ఫర్వాలేదు.”

“ఇందాకటి నుంచి అన్నీ చెప్పి, ఇదొక్కటి దాస్తావేం? నేను నీకు పరాయిదాన్నా?”

“మీరు ఎవరితోనూ అనకూడదు.”

“ఎవరున్నారు నాకు అనడానికి? అమ్మ లేదు, నాన్న లేడు.”

“మీ తమ్ముడున్నారు.”

“వాడి సంగతి నాకు తెలీదా? చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది. మా అమ్మకి చెప్పుకోడానికి ఎవరూ లేకపోయారు. నేను చిన్నదాన్ని. నీకు నేనున్నాను కదా.”

“రెండడుగులు.”

“రెండే?”

“నడుస్తున్నప్పుడు రెండడుగుల ఎడం ఉంటే ఏమీ కాదన్నారు. ఆపేసి ఉంటే అదీ అక్కర్లేదట. దీంతో వచ్చిన చిన్నపుస్తకంలో కూడా అంతే రాసుంది.”

“అంటే వాడు ఇలా తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నా...”

“ఏమీ కాదు.”

“గూట్లోంచి మంచినీళ్లు తీసుకున్నా?”

“ఏమీ కాదు. నేను మాత్రం గడప అన్నాను. ఈ వంటిల్లు చూడండి వదినా, ఎంతుందని? రెండడుగులు పోతే మిగతాదంతా ఆయనదే. రెండడుగుల దూరం ఆయన గుండెకి చాలు. నాకు చాలదు. చెయ్యి చాపితే అందుతాను.”

“ఊఁ.”

“ఎవరికీ చెప్పలేదు ఈ మాట. మా అమ్మకి కూడా.”

“వాడికి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదట. కళ్లు మూస్తే ఆ ఫ్యాను చప్పుడే వినబడుతోందట. ఎప్పుడు ఆగిపోతుందో గుండె అని చెయ్యేసుకుని పడుకుంటున్నాడట.”

“నాకూ చాలా ఏళ్లు నిద్ర లేదు వదినా.”

“నీకు అలవాటైంది. వాడు తట్టుకోలేడు.”

“వదినా, ఎక్కడికి లేచారు? కూర్చోండి, ఇంకో గ్లాసు పెడతాను.”

“ఒరేయ్ తమ్ముడూ, ఆ టీవీ ఆపి ఇలా రా. భయం లేదు, లోపలికే రా. రెండడుగులు ఎడంగా ఉంటే చాలట. మీ ఆవిడే చెప్పింది.”